మేస్త్రి వచ్చి వెళ్లిన మర్నాడు

ఇంట్లో శుభకార్యం ముగిసి వంటవాళ్లు వెళ్లిపోయిన మర్నాడు ఒక గరిటె కనబడలేదనుకోండి. మనస్సు ముందుగా ఎటు పోతుంది? గరిటె ఎక్కడ పెట్టామా అని కాదు, ఎవరు పట్టుకుపోయారా అని. మూడోనాడు అది పెరట్లో గాడిపొయ్యి బూడిదలో దొరుకుతుంది. అప్పటికి అనవలసినవీ అనకూడనివీ అన్నీ అనేసి ఉంటాము. మొన్న మా కారు విషయంలో అచ్చంగా ఇదే జరిగింది. వంటవాళ్ల స్థానంలో మేస్త్రి, గరిటె స్థానంలో బేటరీ, అంతే తేడా.

మాది ఏడేళ్ల నాటి చిన్న పెట్రోలు బండి. బెంగుళూరు రోడ్ల మీద ఏడేళ్లంటే క్లచ్ ప్లేటుకు అది నిండు ఆయుర్దాయమే. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను అరవడమే గాని బండి కదలడం తగ్గిపోయింది. పద్ధెనిమిదేళ్లుగా మా బండ్లు చూస్తున్న మేస్త్రికి కబురు చేశాము. ఆయనది కోలారు ప్రాంతం, ఇంటి భాష తెలుగే. ఆయన తండ్రి అంబాసిడర్ల మేస్త్రి. ఆయన బండి తీసుకువెళ్లి గేరుబాక్సు దించి, ప్లేటు మార్చి, సోమవారం రాత్రి తానే నడుపుకొచ్చి తాళంచెవి మా చేతికిచ్చాడు. పెడలు తొక్కితే వెన్నలో వేలు పెట్టినట్టుంది. డబ్బు సంతోషంగా ఇచ్చాము.

మంగళవారం పొద్దున మా అమ్మగారికి కంటి ఆపరేషను. ఏడు గంటలకల్లా ఆసుపత్రిలో ఉండాలి. ఆరున్నరకు ఆవిడను ముందు సీట్లో కూర్చోబెట్టి తాళం తిప్పాము. ఎదుట దీపాలన్నీ వెలిగాయి, హారను మోగింది, సెల్ఫు మాత్రం "టక్" అన్నది. మళ్లీ తిప్పితే మళ్లీ టక్. ఎనభై యేళ్ల ఆవిడను దింపి, సందు చివరిదాకా నడిపించి ఆటో ఎక్కించవలసి వచ్చింది. ఆపరేషను సవ్యంగానే జరిగింది గాని, ఆ పూట మా మనస్సులో రేగిన చిరాకు చల్లారలేదు.

సాయంత్రం మా బావమరిది వచ్చాడు. అతనికి తెలియని విద్య లేదు. బానెట్టు ఎత్తి లోపలికి ఒక్కసారి చూసి, "బావగారూ, బేటరీ మార్చేశాడు" అన్నాడు. మేము గూడా చూశాము. చూస్తే అది పాతదిగానే కనిపించింది. అంతకుముందు మా బేటరీ ఎలా ఉండేదో మేము ఏనాడూ చూసి ఉండలేదన్న సంగతి ఆ క్షణంలో మాకు తట్టలేదు.

అప్పుడే మేస్త్రికి ఫోను చేశాము. "మా బేటరీ మాకు తెచ్చి ఇవ్వవయ్యా" అన్నాము. పద్ధెనిమిదేళ్లలో ఆయనతో ఆ గొంతుతో మాట్లాడడం అదే మొదలు. అవతల కాసేపు మాటే లేదు. తరవాత, "బేటరీ మీదే సార్. ఊర్లో ఉండాను, ఎల్లుండి పొద్దునకి వస్తాను. నేనొచ్చేదాకా బండి తీయొద్దండి" అన్నాడు. బండి తీయొద్దని ఎందుకు చెబుతున్నాడో అడగవలసింది. అడగలేదు. దొరికిపోతానని భయం కాబోలు అనుకున్నాము.

బుధవారం ఇరుగుపొరుగు వాళ్లు తోస్తే, రెండో గేరులో బండి అంటుకుంది. అలాగే ఒక ఆటో ఎలక్ట్రీషియను దగ్గరకు తీసుకువెళ్లాము. అతను టెస్టు లాంపు క్లిప్పు ఇంజనుకు తగిలించి, మొన సెల్ఫు దగ్గర తాకించాడు. దీపం చక్కగా వెలిగింది. "కరెంటు వస్తా ఉంది, సెల్ఫు పోయింది, మూడున్నర వేలవుతుంది" అన్నాడు. ఆ తరవాత స్కానరు తగిలించి చూస్తే స్టీరింగుదొకటి, బ్రేకుదొకటి, ఇంజనుదొకటి, మొత్తం మూడు తప్పులు చూపించింది. నిన్నటిదాకా సెల్ఫు ఒక్కటే జబ్బనుకున్నవాళ్లము, ఇప్పుడు నాలుగు జబ్బుల వాళ్లమైనాము. బావమరిది మాత్రం తన మాట మీదే నిలబడ్డాడు. అక్కడి నుంచి బేటరీ దుకాణానికి వెళ్లి కొత్తది వేయించాము. పాతదానికి ఏడువందలు తగ్గించుకుని, పై నాలుగువేల చిల్లర పుచ్చుకున్నారు. కొత్తది వేశాక టక్ పోయి, గొంతులో కఫం అడ్డినట్టు రెండుసార్లు గరగరమని, మూడోసారికి బండి అంటుకుంది. బావమరిది మా వంక చూసిన చూపు వర్ణించము.

ఆ సాయంత్రమే మనవలిద్దరినీ సంగీతం క్లాసు నుంచి తీసుకొస్తుండగా చౌరస్తాలో బండి ఆగింది. వెనక హారన్లు. మేము కంగారుగా తాళం నాలుగుసార్లు తిప్పాము. నాలుగోసారికి కాళ్ల దగ్గర రబ్బరు మాడిన వాసన, దాని వెంటనే సన్నటి తెల్లటి పొగ. పిల్లలను రెక్కలు పట్టి దింపి పేవుమెంటు మీద నిలబెట్టేసరికి మా చేతులు వణికాయి. పొగ దానంతట అదే ఆగింది. బండిని మరొకరి సాయంతో ఇంటిదాకా లాగించుకొచ్చాము.

గురువారం పొద్దున్నే మా సంఘం సభ్యులే అయిన ఒక పెద్దమనిషి సంగతి విని వచ్చారు. రైల్వేలో రైలుపెట్టెల దీపాల విభాగంలో ముప్పైయేళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారు. చేతిలో అయిదారువందలకు దొరికే మల్టీమీటరు, భుజాన సంచి. మేము బేటరీ కథ మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డుపెట్టారు.

"బేటరీ సంగతి తరవాతండీ. మేస్త్రి ఏమేం విప్పాడో అది చెప్పండి."

బిల్లు తెచ్చి చూపించాము. క్లచ్ ప్లేటు, ప్రెషరు ప్లేటు, బేరింగు, గేరాయిలు.

"ఇందులో సెల్ఫు లేదు, బేటరీ లేదు. కాని గేరుబాక్సు దించాలంటే బేటరీ తీగ విప్పాలి, సెల్ఫు విప్పాలి, మరొకటి గూడా విప్పాలి. బిల్లులో రాసేది మార్చినవే. విప్పి మళ్లీ బిగించినవి ఎవరూ రాయరు. జబ్బు ఉండేది అక్కడ."

ఆ మరొకటి ఏమిటో ఆయన అప్పుడే చెప్పలేదు. ముందు మీటరు తీశారు. బేటరీ రెండు కొమ్ముల మీద రెండు తీగలూ పెడితే 12.6 వోల్టులు చూపింది. నిండిన బేటరీ అంత చూపాలి, 12.2కు దిగిందంటే సగం ఖాళీ, 12 కంటె తగ్గితే దాదాపు అడుగంటినట్టే. ఇప్పుడు మమ్మల్ని తాళం తిప్పమన్నారు. టక్. మీటరు 11.5కు దిగి అక్కడే నిలబడింది. "బేటరీ చెడిపోయి ఉంటే ఈపాటికి ఏడెనిమిదికి కుప్పకూలేది. ఇది గట్టిదే" అన్నారు. తరవాత మీటరు నల్లతీగను బేటరీ మైనసు కొమ్ము మీదే ఉంచి, ఎర్రతీగను ఇంజను మీద తుప్పూ రంగూ లేని చోట ఆనించి మళ్లీ తిప్పమన్నారు. మైనసు కొమ్ముకూ ఇంజను ఇనుముకూ మధ్య వోల్టులు ఉండకూడదు. సెల్ఫు తిరిగేటప్పుడు ఉన్నా రెండు మూడు పదోవంతులకు మించరాదు. మా బండిలో 7.4 చూపింది.

ఆయన మీటరు పక్కన పెట్టి, సంచిలోంచి బేటరీకి బేటరీ తగిలించే లావుపాటి జంపరు తీగ తీశారు. బండి న్యూట్రల్లో ఉన్నదనీ హాండ్‌బ్రేకు వేసి ఉన్నదనీ రూఢి చేసుకుని, తీగ ఒక కొన బేటరీ మైనసుకూ, రెండో కొన గేరుబాక్సు పక్క గట్టి బోల్టుకూ పట్టించారు. తాళం తిప్పగానే ఇంజను అంటుకుంది. ఇంత సేపూ టక్ అన్నది ఇదేనా అనిపించింది.

సంగతి ఇది. ఇంట్లో దీపానికి రెండు తీగలుంటాయి, కరెంటు వచ్చేదానికొకటి, తిరిగి వెళ్లేదానికొకటి. కారులో వచ్చేదానికే తీగ. తిరిగి వెళ్లడం బండి ఇనుపశరీరం మీదుగా, దీన్నే మేస్త్రీలు ఎర్తు అంటారు. అయితే ఇంజనూ గేరుబాక్సూ రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటాయి. రబ్బరు కరెంటును పోనివ్వదు గదా. అందుచేత కరెంటుకు సంబంధించినంతవరకు ఇంజను ఒక లంక. లంకకూ ఒడ్డుకూ మధ్య వంతెనగా, జడలా అల్లిన రాగి పట్టీ ఒకటి మా బండిలో గేరుబాక్సు నుంచి శరీరానికి బిగించి ఉంటుంది. గేరుబాక్సు దించేటప్పుడు విప్పవలసిన మూడోది ఆ పట్టీ. తిరిగి బిగించేటప్పుడు మరిచిపోయినది గూడా అదే.

వంతెన తెగితే మనుషులు ఊరుకుంటారా, ఏ తాటిదుంగ మీదుగానో దాటుతారు. కరెంటు గూడా అంతే. ఇంజను నుంచి శరీరానికి ఇంకా ఏమేం ఇనుము ఉన్నదో వెతుక్కుంటుంది. మా బండిలో దొరికినది క్లచ్ కేబులు. 1827లో ఓమ్ అనే జర్మను బడిపంతులు ప్రకటించిన లెక్క ఇక్కడ పనికివస్తుంది. కేబులు అడ్డగింపు 0.05 ఓములనుకోండి, అది బహు స్వల్పం. కాని సెల్ఫు లాగే కరెంటు 150 ఆంపియర్లు. రెంటినీ గుణిస్తే ఏడున్నర వోల్టులు దారిలోనే హరించుకుపోతాయి. మిగిలిన నాలుగింటితో సెల్ఫు ఏం తిరుగుతుంది? పోయిన ఏడున్నర వోల్టులూ ఊరికే పోవు. ఏడున్నరను 150తో గుణిస్తే వెయ్యి వాట్లు దాటింది. మీ ఇంట్లో ఇస్త్రీపెట్టె అంతటిది. ఆ వేడి అంతా మా కాళ్ల దగ్గర వేలెడు లావు కేబులులో! పొగ రావడం వింత కాదు, అంతటితో ఆగడం వింత.

ఎలక్ట్రీషియను టెస్టు లాంపు చెప్పినది అబద్ధమా? కాదు. అయిదు వాట్ల దీపం లాగేది అర ఆంపియరు లోపు. అదే 0.05 ఓముల దారిలో దానికి పోయేది వోల్టులో యాభయ్యో వంతు. తాటిదుంగ మీద పిల్లి దాటితే దుంగకు తెలియదు, ఏనుగు దాటితే తెలుస్తుంది. దీపాలు, హారను మామూలుగా ఉండడానికి కారణం మరొకటి. వాటి ఎర్తు తిన్నగా శరీరానికే గాబట్టి వాటికి ఆ వంతెనతో పనే లేదు. స్కానరు చూపిన మూడు తప్పులూ గూడా నిజమైనవి కావు. నేటి బండ్లలో స్టీరింగుకొక కంప్యూటరు, బ్రేకుకొకటి, ఇంజనుకొకటి ఉంటాయి. వోల్టులు చాలకపోయేసరికి వేటికవే తమకే ఏదో అయిందని రాసుకున్నాయి. వాటిని చూసి స్టీరింగు విప్పించి ఉంటే మా పని ఏమయ్యేదో! పట్టీ బిగించాక ఆ తప్పులు చెరిపివేస్తే మళ్లీ ఒక్కటీ రాలేదు.

కార్లున్న చదువరులకు ఈ ప్రశ్న గుర్తుంటే మేలు: చివరిసారి ఎవరి చెయ్యి ఎక్కడ పడింది? సీట్లు విప్పి కడిగించాక గాలిసంచి దీపం వెలిగితే, సీటు కింది పసుపుపచ్చ కనెక్టరు సరిగ్గా కూర్చున్నదో లేదో చూపించండి. అది గాలిసంచిది గనుక బేటరీ తీగ తీయకుండా దాన్ని తాకడం ప్రమాదం, మేస్త్రి చేతనే చేయించాలి. బ్రేకు పాడ్లు మార్చాక ఏబీఎస్ దీపం వస్తే చక్రం దగ్గరి సన్నతీగ. బంపరు తీసి వేశాక హారను మోగకపోతే దాని తొడుగు. ఇంజను నీళ్లతో కడిగించిన మర్నాడు బండి కుంటితే తడిసిన కనెక్టర్లు ఆరేదాకా ఆగడమే మందు. బేటరీ తీగ విప్పి బిగించాక గడియారం తప్పు చూపడం, కిటికీ అద్దం ఒక్క నొక్కుతో పైకి పోకపోవడం, ఇంజను కాసేపు ఎగుడుదిగుడుగా తిరగడం చాలా బండ్లలో మామూలే, జబ్బు కాదు.

ఇంకొక రకం ఉన్నది, రాత్రికి రాత్రి బేటరీ దిగిపోయేది. సోలాపూరులో మా బంధువొకరు కారులో కొత్త స్టీరియో పెట్టించుకున్నారు. పెట్టించిన నాటి నుంచి రెండుమూడు రోజులు బండి తీయకపోతే సెల్ఫు మూలిగేది. స్టీరియో తాళంతో ఆగవలసిన తీగను బిగించినవాడు ఎప్పుడూ కరెంటుండే తీగకు కలిపాడు. అర ఆంపియరు పగలూ రాత్రీ పోతూండేది. 35 ఆంపియరు గంటల బేటరీ ఆ లెక్కన డెబ్బై గంటలకు పూర్తిగా ఖాళీ. సవ్యంగా ఉన్న బండి ఆపి ఉంచినప్పుడు గూడా కొంత తాగుతుంది గాని, అది ఆంపియరులో ఇరవయ్యో వంతుకు మించకూడదు. దీన్ని కొలవాలంటే మీటరును బేటరీ మైనసు తీగకు మధ్యలో కలిపి, తలుపులు వేసి అరగంట ఆగాలి, కంప్యూటర్లు నిద్రపోవడానికి అంత పడుతుంది. మీటరు అలా ఉండగా మాత్రం పొరబాటున గూడా తాళం తిప్పకండి, మీటరు ఫ్యూజు పోతుంది. మరొక హెచ్చరిక. ఇంజను తిరుగుతుండగా బేటరీ తీగ పీకి, బండి ఆగకపోతే డైనమో మంచిదేనని తేల్చే వాడుక పాతకాలం మేస్త్రీలలో ఉండేది. నేటి బండికి అలా చేస్తే వోల్టులు ఒక్కసారిగా లేచి కంప్యూటర్లు మాడవచ్చు. ఎవరైనా చెయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపండి. ఇంజను తిరిగేటప్పుడు కొమ్ముల మీద మీటరు పెడితే 14కు అటూఇటూగా వస్తుంది, ఆ పరీక్ష చాలు.

ఇహ మేస్త్రి సంగతి. ఆయన చెప్పిన మాట ప్రకారం గురువారమే పదిగంటలకు బస్సు దిగి, సంచితో సహా తిన్నగా మా యింటికే వచ్చాడు. వెంట పనిలో దింపిన కొడుకు, పదిహేడేళ్లుంటాయి. పెద్దమనిషి చెప్పబోయేలోపలే కుర్రవాడు బండి కిందికి దూరాడు. ఒక్క నిమిషానికి లోపలి నుంచి, "నాయనా, ఎర్తు పట్టీ ఏలాడతా ఉండాది" అన్నాడు. బోల్టు మాత్రం బిగించే ఉంది, పట్టీ దాని కిందికి పోలేదు. అందుచేతనే పని ముగిశాక చేతిలో ఏ బోల్టూ మిగల్లేదు, అనుమానం రాలేదు. బోల్టు విప్పి, పట్టీ కొసనూ అది ఆనే చోటునూ ఉప్పుకాగితంతో తెల్లగా రుద్ది బిగించేసరికి పావుగంట పట్టింది. క్లచ్ కేబులు పైతొడుగు కరిగిపోయింది. జె.సి. రోడ్డుకు పోయి కొత్తది తన డబ్బుతోనే తెచ్చి వేశాడు. మేము ఇవ్వబోతే పుచ్చుకోలేదు.

"బేటరీ కార్డు డాష్‌లో ఉండాది సార్, దాంట్లో నంబరు ఉంటాది. చూసుకోండి" అన్నాడు. అక్కర్లేదన్నాము. అక్కర ఉన్నదన్నాడు. బావమరిదిని కార్డుతో దుకాణానికి పంపాము. పాత బేటరీ ఇంకా అమ్ముడుపోక అక్కడే బల్ల కింద ఉంది. అదే నంబరు. దుకాణదారు దాన్ని పరీక్ష పెట్టి, ఇంకా ఏడాదికి తక్కువ కాకుండా పనిచేసేదని గూడా చెప్పాడట.

ఆ రోజు ఫోనులో అన్నమాటకు మేము చెప్పుకోవలసినది చెప్పుకున్నాము. మా పిల్లల ముందు, బావమరిది ముందు, పెద్దమనిషి ముందు చెప్పాము. మేస్త్రి తలవంచుకుని చేతులు గుడ్డతో తుడుచుకుంటూ విన్నాడు. "తప్పు మాదే కదా సార్, పట్టీ ఇడిసింది మావాడే. నేను మళ్లా చూడాల్సింది, చూడలేదు" అన్నాడు. కాస్సేపాగి, "ఆ పొద్దు మీరు మాట్లాడేటప్పుడు పిల్లోడు పక్కనే ఉన్నాడు సార్. ఇన్నాడు" అన్నాడు.

దానికి మా దగ్గర జవాబు లేదు. కుర్రవాడు అప్పటికి వీధిలోకి వెళ్లి స్పానర్లు సంచిలో సర్దుతున్నాడు. వచ్చే నెల బండికి ఇంజనాయిలు మార్చవలసి ఉంది. ఆ పని నువ్వే చెయ్యాలని అతనితో చెప్పాము. "నాయన్ని అడగండి సార్" అన్నాడు.